పాత వ్యానుకు సొంత రిపేర్లు – 5వ పాఠం: వాడిన సైడ్ మిర్రర్ కొనడం

పోయిన పాఠంలో వైపర్ల సంగతి చూశాం. ఈసారి సైడ్ మిర్రర్. ఒడిశాలోని రాయగడ వైపు వ్యాన్లు తిప్పేవాళ్ళకి ఇది ఎలా విరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. ఆదివారం మజ్జిగౌరమ్మ గుడి దగ్గర బండి పెట్టినా, సంత రోజు ఇరుకు బజారు దాటినా ఎవడో ఒకడు రాసుకుంటూ పోతాడు, మనం దిగి చూసేసరికి అద్దం తలుపుకి వేలాడుతూ ఉంటుంది.

అసలు పాతది కొనాలా, కొత్తదా? మారుతి ఓమ్నీ వ్యాను తయారీ 2019లోనే ఆగిపోయినా దాని మామూలు అద్దం డూప్లికేటు కొత్తదే స్పేర్ పార్ట్స్ షాపుల్లో చవగ్గా దొరుకుతుంది, కాబట్టి దానికోసం పాత సామాన్ల షాపుల చుట్టూ తిరగడం నా దృష్టిలో దండగ. కంపెనీ సరుకు బాగున్నది కంటపడితే మాత్రం వదలొద్దు, డూప్లికేటు కంటే గతుకుల మీద అదే గట్టిగా నిలబడుతుంది. లోపల నుంచి చిన్న లివరుతో తిప్పుకునేవి, స్విచ్చి నొక్కితే మోటారుతో తిరిగేవి ఉన్నాయి చూడండి, వాటి కొత్త కంపెనీ పీసు ధర వింటే టెన్షన్ వస్తుంది. పాతది వెతకాల్సింది వాటికే.

బయల్దేరే ముందు విరిగింది ఏమిటో తేల్చుకోండి. మిర్రర్ అంటే ఒకే వస్తువు కాదు, అద్దం పలక వేరు, దాన్ని పట్టుకున్న ప్లాస్టిక్ డబ్బా వేరు, తలుపుకి బిగించే కాడ వేరు, లోపల కీలు వేరు. పలక ఒక్కటే పగిలితే పలక ఒక్కటే మార్చుకోవచ్చు, అద్దాలు కోసేవాడి దగ్గర సైజుకి కోయించుకునేవాళ్ళూ ఉన్నారు. కానీ కోయించేది చదును అద్దం. క్లీనర్ వైపు, అంటే ఎడమ వైపు, సాధారణంగా ఉబ్బు అద్దం ఉంటుంది. ఎక్కువ వెడల్పు కనిపించడానికే ఆ ఉబ్బు, అందుకే వెనక వచ్చే లారీ చిన్నగా, దూరంగా ఉన్నట్టు కనబడుతుంది. చాలా వాటి మీద ఇంగ్లీషులో హెచ్చరిక కూడా రాసి ఉంటుంది. అక్కడ చదును ముక్క అతికిస్తే ఎడమ పక్కన వచ్చే బైకు సగం కనబడదు, ఘాట్ రోడ్డు మలుపుల్లో అది చాలా ప్రమాదం.

షాపులో ఉబ్బా చదునా తెలుసుకోవడం తేలిక. స్టీలు స్కేలు అంచు అద్దం మీద నిలబెట్టండి, చదునైతే పొడుగునా ఆనుతుంది, ఉబ్బు అయితే మధ్యలో ఆని రెండు చివర్లూ లేస్తాయి. స్కేలు లేకపోతే మీ ముఖం చూసుకోండి, ఇంట్లో అద్దంలో కంటే చిన్నగా కనిపిస్తే ఉబ్బుదే.

విరిగినదాన్ని ఊడదీసి సంచిలో వేసుకుని వెళ్ళండి. ఈ పాఠంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇది గుర్తుపెట్టుకోండి. ఫోనులో ఫొటో సరిపోదు. చాలా వ్యాన్లకి తలుపు లోపలి మూలలో త్రికోణం ప్లాస్టిక్ మూత ఉంటుంది, అది మెల్లగా లాగితే నట్లు కనిపిస్తాయి, ఎక్కువగా పదో నంబరు స్పానరు పడుతుంది. ఆఖరి నట్టు విప్పేటప్పుడు బయట నుంచి మిర్రర్‌ని ఒక చేత్తో పట్టుకోండి. నట్లు జేబులో వేసుకోవద్దు, మూత వెనకే టేపుతో అంటించేయండి.

రాయగడలో కబాడీ (పాత సామాన్ల) షాపులూ మెకానిక్ షెడ్లూ చూశాక దొరక్కపోతే మనవాళ్ళు పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం దిగిపోతారు. పర్లాకిమిడి వాళ్ళకి పక్కనే పాతపట్నం, అక్కణ్ణుంచి టెక్కలి. ఎక్కడికెళ్ళినా ముందే ఫోను చేసి బండి పేరు, తయారైన ఏడాది, డ్రైవర్ వైపా క్లీనర్ వైపా చెప్పండి. "ఉంది బాబూ, వచ్చేయండి" అన్నంత మాత్రాన బయల్దేరకండి, ఫొటో పంపమనండి, బిగించే వైపు ఫొటో కూడా. ముందు వైపు అన్నీ ఒకేలా ఉంటాయి, తేడా అంతా వెనకే.

చేతిలోకి వచ్చాక మీ పాతదాని పక్కన పెట్టి బోల్టుల దూరం పోల్చండి. తర్వాత కాడ పట్టుకుని గట్టిగా ఊపండి. డబ్బా తలాడిస్తే కీలు అరిగిపోయింది, ఎన్నిసార్లు సర్దినా పది కిలోమీటర్లకే కిందికి వాలిపోతుంది, దాన్ని పక్కన పెట్టేయండి. ప్లాస్టిక్ మీద కొత్త నల్ల పెయింటు మెరుస్తుంటే గోరుతో గీకి చూడండి, కింద పగుళ్ళు పూడ్చే ఎం-సీల్ ముద్ద పూత ఉండొచ్చు. అద్దం అంచుల్లో నల్ల మచ్చలుంటే వెనక పూతకి చెమ్మ పట్టింది, అవి పెరుగుతాయే తప్ప తగ్గవు. కాడ కింద రబ్బరు ఉందో లేదో చూడండి, అది లేకపోతే వానాకాలం తలుపులోకి నీళ్ళు దిగుతాయి. గీతల గురించి పట్టించుకోకండి, అవి బేరానికి పనికొస్తాయి.

మోటారు మిర్రర్ అయితే 12 వోల్టుల బ్యాటరీ మీద ఆడించి చూపించమనండి. మామూలుగా మూడు వైర్లుంటాయి. రెండేసి చొప్పున క్షణం సేపు తాకించి, ప్లస్ మైనస్ మార్చి మళ్ళీ తాకిస్తే పలక పైకీ కిందికీ, అటూ ఇటూ కదలాలి. మోటారు చప్పుడు వస్తూ పలక కదలకపోతే లోపల గేరు పళ్ళు పోయినట్టే. మోటారుతో మడిచే ఏర్పాటు, ఇండికేటరు ఉన్నవాటికి వైర్లు ఇంకా ఎక్కువ, మీ బండి ప్లగ్గులో ఎన్ని పిన్నులున్నాయో లెక్క సరిపోవాలి. వైర్లు మొదట్లోనే కోసేసిన పీసు తీసుకోకండి. ప్లగ్గు, కనీసం జానెడు వైరు ఉండాలి.

ధర విషయంలో నా లెక్క, కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనుక్కోవడం మేలు. బండికి ఆనకపోతే మర్నాడు వెనక్కి తీసుకుంటారా అని డబ్బులిచ్చే ముందే అడగండి, చీటీ రాయించుకోండి. రోడ్డు పక్కన సంచిలోంచి తీసి సగం ధరకిస్తానన్నవాడి దగ్గర కొనొద్దు. దొంగ సొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం, పైగా అది మీ పక్కింటి వ్యానుదే కావచ్చు కూడా.

టాక్సీ పర్మిట్ ఉన్నవాళ్ళు ఫిట్‌నెస్ తేదీ చూసుకుని మొదలుపెట్టండి, తనిఖీ జాబితాలో అద్దాలు కూడా ఉంటాయి.

వచ్చే పాఠానికల్లా త్రికోణం మూత తీసి, నట్లు ఎన్ని, వైర్లు ఎన్ని, ప్లగ్గు ఎలా ఉందో కాగితం మీద రాసి ఉంచండి. బిగించడం, సీట్లో కూర్చుని సర్దుకోవడం ఆ కాగితం చూసుకుంటూనే చేద్దాం.