విస్బీ కోటగోడ చుట్టూ నడిచి చూడటం ఎలా?

స్వీడన్‌లో గోట్లాండ్ దీవికి వెళ్ళినవాళ్ళు ఓడ దిగగానే విస్బీ పట్టణం సందుల్లోకి వెళ్ళిపోతుంటారు. మీరు మాత్రం ముందు ఊరి బయటి నుంచి గోడను చూడండి. 13వ శతాబ్దంలో వర్తకులు కట్టుకున్న ఈ గోడ పరాయి శత్రువుల కోసమే కాదు, సొంత దీవి రైతులను దూరంగా ఉంచడానికి కూడా. 1288లో ఈ రెండు వర్గాలూ యుద్ధమే చేసుకున్నాయి.

స్టాక్‌హోమ్‌కు దక్షిణాన ఉన్న నినాస్‌హామ్న్ నుంచి ఓడలో మూడు గంటల పైనే ప్రయాణం. ఆగస్టులో మధ్యయుగ వారోత్సవం జరిగేటప్పుడు గదులు దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోండి. ఊరంతా రాళ్ళు పరిచిన ఎత్తుపల్లాల దారులే కాబట్టి గట్టి బూట్లు వేసుకోండి.

నడక అల్మెడాలెన్ పార్కు దగ్గర మొదలుపెట్టండి. ఒకప్పటి రేవు పూడిపోయి పార్కయింది. పక్కనే ఉన్న మందుగుండు బురుజు గోడ కంటే పాతది. అక్కడి నుంచి సముద్రాన్ని ఎడమ చేతి వైపు ఉంచుకుని ఉత్తరానికి నడిచి, గోడ వెంటే తూర్పుకు తిరగండి. మొత్తం గోడ సుమారు 3.4 కిలోమీటర్లు. ఆగి చూస్తూ వెళ్ళడానికి మూడు గంటలు పెట్టుకోండి.

తూర్పు వైపున తొందరపడకండి. ఇప్పుడు గడ్డి మొలిచిన కందకాల్లో నిలబడి గోడను పరీక్షగా చూస్తే, మధ్యలో పాత పిట్టగోడ ఆనవాళ్ళు కనిపిస్తాయి. మొదట కట్టిన గోడ చాలక, దాని మీదే ఇంకా ఎత్తు లేపారు. ఎంత భయం ఉంటే అంత రాయి మోసి ఉంటారో ఆలోచించండి.

దక్షిణ ద్వారం చేరాక లోపలికి వెళ్ళకుండా, బయట ఆగ్నేయంగా ఉన్న రాతి శిలువ దగ్గరికి వెళ్ళండి. 1361 జూలైలో డెన్మార్క్ రాజు వాల్డెమార్ అట్టర్‌డాగ్ సైన్యం చేతిలో సుమారు 1,800 మంది గోట్లాండ్ వాసులు ఇక్కడే చనిపోయారు. ఎక్కువమంది రైతులు, వాళ్ళలో ముసలివాళ్ళు, లేత కుర్రాళ్ళు కూడా ఉన్నారు. విస్బీ ద్వారాలు మూసే ఉన్నాయి. తర్వాత ఊరు రాజుకు లొంగిపోయింది. 'విస్బీ ద్వారాల ముందు' పడిపోయారని శిలువ మీద లాటిన్‌లో చెక్కి ఉంది. ఇక్కడ కాసేపు నిలబడి గోడ వైపు చూడండి. బయటి నుంచి నడవమని చెప్పింది అందుకే.

ఇప్పుడు ద్వారంలోంచి లోపలికి రండి. ఊళ్ళో శిథిలమై కప్పు లేకుండా మిగిలిన చర్చిల్లో సాంక్తా కరిన్ ఒక్కటి చూసినా చాలు. జర్మన్ వర్తకుల కోసం కట్టి 1225లో ప్రతిష్ఠించిన సాంక్తా మరియాలో మాత్రం నేటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి.

చివరగా స్ట్రాండ్‌గాటన్ వీధిలోని గోట్లాండ్ మ్యూజియానికి వెళ్ళండి. 1999లో దొరికిన వైకింగుల (పాతకాలపు స్కాండినేవియా సముద్రయాత్రికుల) కాలం నాటి 67 కిలోల వెండి నిధి అక్కడే ఉంది. కానీ ముందు 1361 గదిలోకి వెళ్ళండి. సామూహిక సమాధుల్లో దొరికిన ఒక పుర్రెకు ఇనుప గొలుసుల తొడుగు ఇంకా అలాగే ఉంది.