టవల్ లూపులు ఎగుడుదిగుడుగా వస్తే ముందు పైల్ బీమ్ చూడండి

నగరి, పుత్తూరు వైపు మరమగ్గాల మీద టర్కీ టవళ్లు నేసేవాళ్లకు ఒక మాట. లూపులు ఒకచోట పొడుగ్గా, ఇంకోచోట పొట్టిగా వస్తే చాలామంది నూలును తప్పుపడతారు. నూలు మార్చే ముందు పైల్ బీమ్ (లూపుల నూలు చుట్టిన దూలం) టెన్షన్, అంటే నూలు బిగువు, చూడండి.

ఈ టవల్‌కు పడుగు (నిలువు దారాలు) రెండు బీముల నుంచి వస్తుంది. అడుగు గుడ్డ పడుగు బిగువుగా, లూపుల పడుగు వదులుగా ఉండాలి. మూడు పిక్కుల నేతలో (పిక్కు అంటే ఒక పేక, అడ్డంగా వేసే దారం) మొదటి రెండు పేకలు నేసిన గుడ్డకు కాస్త దూరంలో ఆగుతాయి. మూడో పేక పడ్డాక దువ్వెనలాంటి రీడ్ మూడింటినీ కలిపి లోపలికి కొడుతుంది. అప్పుడు పేకలు బిగువు పడుగు మీద జారతాయి, వదులు పడుగు లూపుగా లేస్తుంది. ఆ దూరాన్ని బట్టే లూపు ఎత్తు. దాంతోపాటే టవల్ బరువు, నీళ్లు పీల్చే గుణం.

తాడు, బరువులతో నడిచే బీమ్ అయితే మరీ జాగ్రత్త. నూలు చుట్ట సన్నబడేకొద్దీ టెన్షన్ పెరుగుతుంది, లూపు పొట్టిదైపోతుంది. అందుకే మధ్యమధ్యలో బరువు తగ్గిస్తూ పోవాలి. మొదట్లో పెట్టిన బరువుతోనే చివరిదాకా లాగించడం నాకు అస్సలు నచ్చదు. అలాగని మరీ వదిలేస్తే దారాలు వేలాడి నాడెకు (పేకను మోసుకెళ్లేది) అడ్డం పడతాయి.

కొలిచి చూడటం తేలికే. పడుగు వైపు 10 సెంటీమీటర్ల ముక్క కోసి, లూపు దారం లాగి, సాపు చేసి కొలవండి. 40 సెంటీమీటర్లు వస్తే లూపు దారానికీ గుడ్డకూ నిష్పత్తి 4:1. కుడి, ఎడమ, మధ్య మూడుచోట్లా చూడండి. నూలు మిగులుతుందని పిక్కులు మాత్రం తగ్గించకండి, ఉతుకులో లూపులు ఊడొస్తాయి.