వేసవిలో కాలనీ తోట: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

మాది అనంతపురం. ఏడాది మొత్తానికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకునే నేల. అందుకే కాలనీ పార్కులో, వీధి పక్కన వేప, కానుగ, రేల, నేరేడు, తంగేడు లాంటి మన నేల మొక్కలనే పెంచుతున్నాం. ఈ ఎండకు అలవాటుపడ్డ జాతులే కదా, వాటంతట అవే బతుకుతాయి అనుకుంటే పొరపాటు. వేరు లోతుకు దిగేదాకా, అంటే కనీసం రెండు వేసవులు, వాటిని మనం కనిపెట్టుకుని ఉండాలి. మాకు మళ్లీ మళ్లీ ఎదురైన సమస్యలు, వాటికి దొరికిన దారులు రాస్తున్నాను.

రోజూ నీళ్లు పోస్తున్నా మొక్క వాడిపోతోంది

ముందు పాదులో ఒక ఇనుప చువ్వ గుచ్చి చూడండి. తడి ఉన్నంతవరకు సులువుగా దిగుతుంది, పొడిమట్టి తగలగానే ఆగుతుంది. రోజూ చెంబుడు నీళ్లు పోసిన మొక్కల దగ్గర మా చువ్వ రెండు వేళ్ల లోతు కూడా దిగలేదు. తడి పైపైనే ఉంటే వేళ్లు కూడా పైపైనే పరుచుకుంటాయి. మధ్యాహ్నం అన్నిటికంటే ముందు కాగేది ఆ పైమట్టే. కాబట్టి రోజూ చెంబుడు మాని, నాలుగైదు రోజులకొకసారి రెండు బిందెలు పోయండి. ఒక్కసారిగా కుమ్మరించకుండా, ఇంకనిచ్చి మళ్లీ పోయాలి. పాదు కొమ్మల అంచు దాకా వెడల్పుగా ఉండాలి. దాని మీద నాలుగు వేళ్ల మందాన వేరుశనగ పొట్టు పరిస్తే తడి నిలుస్తుంది. మా జిల్లాలో పొట్టుకు కొదవ లేదు. కాండం చుట్టూ మాత్రం జానెడు ఖాళీ వదలండి, లేకపోతే చెదలు పడతాయి.

చువ్వ లోతుకు దిగుతున్నా మొక్క తేరుకోకపోతే కాండాన్ని మెల్లగా కదపండి. మొదలంతా ఊగితే వేరు నేలను పట్టలేదని అర్థం. నిరుడు ఎండిపోయిన ఒక కానుగను తవ్వి తీస్తే, నల్ల పాలిథిన్ కవరు దాని చుట్టూ అలాగే ఉంది. తల్లివేరు ఆ కవరు అడుగున మూడు చుట్లు తిరిగి నల్లబడింది. ఏడాదిపాటు దానికి నీళ్లు మోసిన పిల్లవాడు ఆ వేరును చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. అప్పటి నుంచి నాటిన రోజే ఖాళీ కవర్లు లెక్కపెడుతున్నాం. ఎన్ని మొక్కలో అన్ని కవర్లు చేతికి రావాలి. అడుగున చుట్టుకున్న వేరు కొసను కత్తిరించాకే గుంతలో పెడుతున్నాం.

ఆకుల అంచులు మాడుతున్నాయి, మట్టి మీద తెల్లని పొర కడుతోంది

చాలామంది ఎండదెబ్బ అనుకుంటారు. మట్టి మీద తెల్లదనం కూడా ఉంటే అది ఉప్పు. తాగునీటి శుద్ధి ప్లాంట్లు బయటకు వదిలే నీటిని ట్యాంకులో పట్టి తెచ్చి పోస్తే ఇలా అవుతుంది. బోరు నీటిలోని లవణాలన్నీ ఆ వదిలేసిన నీటిలోనే చిక్కగా మిగులుతాయి. వెంటనే ఆపి, రెండు మూడు సార్లు మంచినీటితో పాదు బాగా తడిపితే ఉప్పు కిందికి దిగుతుంది. మేము చలివేంద్రాన్ని పార్కు గేటు పక్కకు మార్చాం. గ్లాసులు కడిగిన నీళ్లు, కింద ఒలికిన నీళ్లు చిన్న కాలువ గుండా రెండు వేప మొక్కల పాదుల్లోకి వెళ్తున్నాయి.

ఆకులన్నీ రాలిపోయాయి, చచ్చిపోయిందా?

గోటితో బెరడును కొద్దిగా గీకండి. కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉంది. రేల, మోదుగ ఎండాకాలంలో ఆకు రాల్చడం సహజం. వేప కొమ్మల కొసలు వానాకాలంలో, ఆ తర్వాత గోధుమరంగుకు మారి ఎండితే ఎక్కువగా ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం పని. దానికి భయపడి చెట్టు కొట్టేయకండి. ఎండిన కొసలు కత్తిరించి కాల్చేయండి. చాలా చెట్లు వేసవిలో మళ్లీ చిగురిస్తాయి. కానుగ ఆకుల మీద బొడిపెలు కంటికి ఆనని నల్లి పురుగుల (మైట్స్) వల్ల వస్తాయి, చెట్టుకు ప్రాణాపాయం లేదు.

సెలవుల్లో పిల్లలు ఏరిన గింజలు మొలవలేదు

ఇక్కడే నాకు ఎక్కువ బాధ. మే నెలంతా ఏరి, విత్తన బంతులు (లోపల గింజ పెట్టిన మట్టి ఉండలు) చేసి, ఒక్కటీ మొలవకపోతే పిల్లలు మళ్లీ రారు. అన్ని గింజలనూ ఒకేలా చూడటమే అసలు తప్పు. తంగేడు, రేల గింజలకు పైపొర గట్టిది, నీరు లోపలికి పోదు. గరుకు కాగితంపై ఒక పక్క రుద్ది రాత్రంతా నానబెట్టండి. తెల్లారి ఉబ్బినవి విత్తండి, ఉబ్బనివాటిని మళ్లీ రుద్దండి. వేప, నేరేడు గింజలది సరిగ్గా ఎదురు స్వభావం. నిల్వ ఉంచితే వారాల్లోనే మొలకశక్తి పోతుంది. నిరుటి వేపగింజలతో బంతులు చేస్తే అవి వట్టి మట్టి ఉండలే. జూన్, జూలైలో పండ్లు రాలినప్పుడు గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి, వెంటనే నేలలో వేయాలి. సెలవుల్లో చేసే బంతులకు తంగేడు, రేల గింజలే పెట్టుకోండి.

మొదటి ఆదివారం ముప్పై మంది, మూడో ఆదివారం ముగ్గురు

తోట పనికి ఆదివారాలు కాలనీ వాళ్లను పిలుస్తాం. వచ్చేవాళ్లు ఇలా తగ్గిపోతే, జనానికి శ్రద్ధ లేదని నేనూ అనుకునేవాణ్ణి. మా వీధి పెద్దావిడ ఒకరు, "ఊరికే రమ్మంటే ఎలా నాయనా, నా చెట్టు ఏదో చూపించు, నేనే పోసుకుంటాను" అన్నారు. తొమ్మిదింటికి పిలవడం ఒక తప్పు, ఎవరి పని ఏదో చెప్పకపోవడం ఇంకో తప్పు. ఇప్పుడు ఆరింటికే మొదలుపెట్టి ఏడున్నరకు ముగిస్తాం. ఇంటికొక చెట్టు, కొమ్మకు ఆ ఇంటి నంబరు బిళ్ల. పిల్లలకు గింజల పని సాయంత్రం, చలివేంద్రం పక్కన వేప నీడలో.

ఉచితంగా మొక్కలు ఇస్తున్నారు, ఇప్పుడే నాటాలా?

రోహిణి కార్తె ఎండలో నాటితే లేత వేరు తట్టుకోలేదు. మొక్కలు తీసుకోండి, నీడలో దగ్గరదగ్గరగా పేర్చి రెండు పూటలా తడపండి. గుంతలు మాత్రం ఇప్పుడే తవ్వి ఎండనివ్వండి. మృగశిర వచ్చాక తొలి జల్లుకే తొందరపడకుండా అదే చువ్వ గుచ్చి చూడండి. జానెడు లోతు సులువుగా దిగిన రోజు సాయంత్రం నాటండి.