మెడికేర్ ఎక్కడ ఆగుతుంది, దీర్ఘకాలిక సంరక్షణ పాలసీ ఎక్కడ అందుకుంటుంది?
అమెరికాలో అమ్మానాన్నలకు మెడికేర్ (ప్రధానంగా 65 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కార్డు వచ్చిందంటే, మంచాన పడ్డా అదే చూసుకుంటుందని చాలామంది భరోసాగా ఉంటారు, చిక్కంతా అక్కడే. తుంటి ఎముక విరిగి, ఆసుపత్రిలో వరుసగా మూడు రోజులు ఇన్‌పేషెంటుగా ఉన్నవారికి, ఆపై రోజూ నర్సింగ్ గానీ ఫిజియోథెరపీ గానీ అవసరమైతే, ప్రభుత్వమే నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్ నర్సింగ్ కేంద్రంలో మొదటి 20 రోజుల ఖర్చు పూర్తిగానూ, 100వ రోజు వరకు రోగి కట్టాల్సిన రోజువారీ వాటా మినహాయించుకునీ భరిస్తుంది. ‘అబ్జర్వేషన్’లో (ఇన్‌పేషెంటుగా చేర్చుకోకుండా పరిశీలనలో ఉంచడం) గడిపిన రాత్రులు ఆ మూడింటి లెక్కలోకి రావు కనుక, నిజంగా చేర్చుకున్నారో లేదో మొదటి రోజే అడగండి.

స్నానం చేయించడం, అన్నం తినిపించడం వంటి సాయం మాత్రమే కావలసినప్పుడు మెడికేర్ చెల్లించదు. దానికి దీర్ఘకాలిక సంరక్షణ పాలసీ ఉండాలి, లేదా ఆదాయం, ఆస్తి పరిమితులకు లోబడి ఇచ్చే ప్రభుత్వ ఆరోగ్య పథకం మెడికెయిడ్‌కు దరఖాస్తు చేయాలి. పాలసీ ఉంటే, అందులోని నిరీక్షణ కాలంలో (పాలసీ చెల్లింపులు మొదలయ్యేలోపు గడవాల్సిన రోజులు) మెడికేర్ చెల్లించిన రోజులను కలుపుతారో లేదో పత్రంలో చదివి చూసుకోండి.