ఇంటి చదువుకు పాఠ్యప్రణాళికను ఎంచుకోవడం ఎలా?

పిల్లలను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించాలని నిశ్చయించుకున్న తల్లిదండ్రులు సాధారణంగా ముందు పుస్తకాల కోసం వెతుకుతారు. అంతకంటే ముందు తేల్చుకోవలసినవి చట్టం, చివర రాయవలసిన పరీక్ష. జర్మనీలో బడికి హాజరుకావడం తప్పనిసరి కనుక ఇంటి చదువుకు అనుమతి దాదాపు దొరకదు; ఇంగ్లండులో ఇంట్లో చదివే పిల్లలు జాతీయ పాఠ్యప్రణాళికనే అనుసరించాలన్న నిర్బంధం లేదు; అమెరికాలో నిబంధనలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో విధంగా ఉంటాయి. మీరున్న చోట ఏ సబ్జెక్టులు తప్పనిసరో, ఏ రికార్డులు దాచి ఉంచాలో తెలుసుకున్న తరువాతే మిగతా ఆలోచన మొదలుపెట్టాలి.

పరీక్ష విషయంలో చాలామంది ఆలస్యంగా గమనించేది సైన్సు ప్రాక్టికల్స్ సంగతి. బడిలో పేరు లేకుండా ప్రైవేటుగా పరీక్ష రాసే విద్యార్థికి ప్రయోగశాల, ప్రాజెక్టు మార్కులు ఉన్న సబ్జెక్టులు చిక్కు తెచ్చిపెడతాయి. కేంబ్రిడ్జి ఐజీసీఎస్ఈ (పదో తరగతి స్థాయి అంతర్జాతీయ పరీక్ష) సైన్సు సబ్జెక్టులలో ప్రాక్టికల్ పరీక్షకు బదులుగా రాతపరీక్షను ఎంచుకునే వీలుంది. అన్ని బోర్డులలోనూ అలాంటి వెసులుబాటు ఉంటుందని అనుకోకూడదు. పిల్లవాడు రెండు మూడేళ్లలో తిరిగి బడిలో చేరే అవకాశం ఉంటే, కనీసం గణితంలోనైనా ఆ బడి పాఠాల క్రమాన్ని అనుసరించడం మేలు.

ఆ తరువాత బోధన పద్ధతుల ప్రశ్న వస్తుంది. మారియా మాంటిస్సోరి 1907లో రోములో ప్రారంభించిన పద్ధతి, చేతితో పట్టుకుని పనిచేసే పరికరాల మీద, ముందే అమర్చిపెట్టిన గది మీద ఆధారపడుతుంది. బ్రిటిష్ విద్యావేత్త షార్లెట్ మేసన్ చిన్న చిన్న పాఠాలను, మంచి వచనంలో రాసిన పుస్తకాలను, ఒక్కసారి చదివిన దానిని పిల్లలు తమ మాటల్లో తిరిగి చెప్పడాన్ని ప్రధానంగా తీసుకుంది. 1919లో స్టుట్‌గార్ట్‌లో మొదలైన వాల్డోర్ఫ్ విధానం అక్షరాలు నేర్పడానికి తొందరపడదు. అమెరికా రచయిత జాన్ హోల్ట్ అయితే నిర్ణీత పాఠ్యప్రణాళికే అక్కరలేదని, పిల్లల ఆసక్తిని అనుసరిస్తే చాలునని వాదించాడు. ఈ పద్ధతుల్లో ఏది గొప్పదన్న చర్చకు అంతుండదు. నా దృష్టిలో అసలు ప్రశ్న వేరు: రోజూ పక్కన కూర్చుని చెప్పవలసిన పెద్దలకు ఏది సాధ్యపడుతుంది? ఉద్యోగం చేస్తూ చదివించే తల్లి ప్రతి రాత్రి గంటసేపు పరికరాలు సిద్ధం చేయవలసిన విధానాన్ని ఎంచుకుంటే, అది ఎంత మంచిదైనా మధ్యలోనే ఆగిపోతుంది.

జాగ్రత్తగా ఎంచుకోవలసినవి ముఖ్యంగా రెండే: గణితం, చదవడం నేర్పే పుస్తకం. వీటిలో ఒక మెట్టు తప్పితే తరువాతి మెట్టు అందదు. గణిత పుస్తకాలు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకంలో ఒక అంశం, భిన్నాలే అనుకోండి, పూర్తిగా పట్టుబడేవరకు వారాల తరబడి అదే సాగుతుంది. రెండవ రకంలో ప్రతి అంశాన్నీ కొద్దికొద్దిగా చెప్పి, కొంతకాలానికి మళ్లీ దాని దగ్గరికే వస్తారు. ఒకే విషయంతో త్వరగా విసిగిపోయే పిల్లలకు, నేర్చుకున్నది మరిచిపోయే పిల్లలకు రెండవ రకం నప్పుతుంది. పదేపదే విషయం మారితే తికమకపడే పిల్లలకు మొదటిది నయం. ఏ రకమైనా, ముందు వస్తువులతో, ఆపైన బొమ్మలతో, చివరకు అంకెలతో చెప్పే పుస్తకాన్ని ఎంచుకోవడం చిన్న తరగతులకు మంచిది.

చదవడం నేర్పే విషయంలో భాషను బట్టి పుస్తకం మారాలి. తెలుగులో అక్షరానికీ ధ్వనికీ పొంతన గట్టిది కనుక, గుణింతాలు, ఒత్తులు క్రమంగా వచ్చే పుస్తకం ఏదైనా పనికొస్తుంది. ఇంగ్లీషులో ఆ పొంతన అంత నిలకడగా ఉండదు కాబట్టి ధ్వనులను ఒక వరుసలో నేర్పే ఫోనిక్స్ పుస్తకమే తీసుకోవాలి. చదవడం నేర్పే పద్ధతులను పరిశీలించిన అమెరికా నిపుణుల బృందం నేషనల్ రీడింగ్ ప్యానెల్ 2000లో ఇచ్చిన నివేదిక కూడా ఈ పద్ధతినే సమర్థించింది. బొమ్మను చూసి పదాన్ని ఊహించమనే పుస్తకాలను పక్కన పెట్టడమే మంచిది.

చరిత్ర, సైన్సు, కళల విషయంలో ఇంత ఆందోళన అక్కరలేదు. ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే వారిని కలిపి కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పి, రాతపనిని మాత్రం వయసును బట్టి ఇవ్వవచ్చు.

కొనే ముందు వయసును చూసి తరగతి నిర్ణయించకండి. పిల్లలు ఏ స్థాయిలో ఉన్నారో తేల్చే ప్లేస్‌మెంట్ టెస్టులు చాలా ప్రచురణ సంస్థలు ఇస్తాయి. గణితంలో నాలుగో తరగతి, భాషలో ఆరో తరగతి స్థాయి తేలినా కంగారు పడవలసిన పని లేదు, ఇంటి చదువులో ఉన్న సౌకర్యమే అది. ఈ కారణం వల్లనే అన్ని సబ్జెక్టులూ ఒకే పెట్టెలో వచ్చే సెట్ మొదటి ఏడాది కొనవద్దని చెబుతాను. నమూనా పాఠాన్ని పిల్లల చేత చేయించండి. ఉపాధ్యాయుల గైడును మీరు చదవండి. జవాబులతో పాటు, పిల్లవాడు తప్పు చేస్తే ఎలా సరిదిద్దాలో అందులో ఉందో లేదో చూడండి.

మొదలుపెట్టాక పిల్లవాడు మొరాయిస్తే వెంటనే పుస్తకం మార్చకుండా, కొన్ని పాఠాలు వెనక్కి వెళ్లి చూడండి. అక్కడి లెక్కలు సులువుగా చేయగలిగితే స్థాయి ఎక్కువైందని, అక్కడా తడబడితే పునాదిలో లోటుందని తెలుస్తుంది. అన్నీ తెలిసే చేయడం లేదంటే మాత్రం విసుగు కావచ్చు. అప్పుడు సగం లెక్కలు వదిలేసి ముందుకు సాగవచ్చు. ఈ మూడూ కాకుండా, పాఠం చెప్పే తీరే పిల్లవాడికి అర్థం కాకపోతే అప్పుడు వేరే పుస్తకం వెతకండి.