నిషాపూర్ గిన్నె మీద తెలుగు అక్షరాలు

ఈశాన్య ఇరాన్‌లోని నిషాపూర్‌లో, అటు నేటి ఉజ్బెకిస్తాన్‌లోని సమర్కండ్‌లో, ఆ ప్రాంతాలను ఏలిన సామానీ వంశ పాలకుల కాలంలో కుమ్మరులు గొప్ప తెగువ చూపారు. 10వ శతాబ్దపు మాట ఇది. ఎర్రగా కాలే మట్టి గిన్నెకు తెల్లమట్టి పూత పూసి, అంచు చుట్టూ కూఫీ అనే కోణాల అరబ్బీ లిపిలో నల్లగా ఒక్క వాక్యం రాసి, మిగతాదంతా వదిలేశారు. పువ్వు లేదు, తీగ లేదు. ఆ ఖాళీ తెలుపే అలంకారం. కోనసీమలో డ్రాయింగు నేర్పే నేను మట్టిపనికి వచ్చిన పిల్లల చేత ముందుగా ఈ గిన్నే చేయిస్తాను.

మన నల్ల బంకమట్టి సారె మీద చక్కగా లేస్తుంది కానీ ఆరేటప్పుడు బాగా కుంచించుకుంటుంది. మెత్తగా దంచి జల్లించిన కుండపెంకుల పొడిని నాలుగు వంతుల మట్టికి ఒక వంతు కలపండి. సముద్రం పక్క ఊళ్ల మట్టి వద్దు. అందులోని ఉప్పు పైకి తేలి పూతను పాడుచేస్తుంది. గిన్నెను వెడల్పుగా, గోడలు ఏటవాలుగా ఉండేలా చేసి నీడలోనే ఆరబెట్టండి.

గోరు నొక్కితే గుర్తు పడాలి, వేలికి మట్టి అంటకూడదు. పూతకు అదే అదను. ద్వారకా తిరుమల వైపు దొరికే తెల్లమట్టిని నానబెట్టి, పలుచటి గుడ్డలో వడగట్టి, మీగడలా చిక్కబడ్డాక గిన్నెలో పోసి తిప్పి ఒంపేయండి.

ఇక రాత. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్న ఆ కాలపు గిన్నె మీద, పనికి ముందు ఆలోచిస్తే పశ్చాత్తాపం తప్పుతుందన్న అర్థంలో అరబ్బీ వాక్యం ఉంది. చదవలేని అక్షరాలను బొమ్మలా దించడం నాకు ఇష్టం ఉండదు. ఆ భావానికి మనకు ‘నిదానమే ప్రధానం’ ఉండనే ఉంది. ఏడు అక్షరాలు. అంచును దారంతో కొలిచి ఎనిమిది భాగాలు చేయండి. ఎనిమిదో భాగం ఖాళీగా ఉంటేనే వాక్యం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది.

కూఫీ అక్షరాల పాదాలు అంచువైపు ఉంటాయి, నిలువు గీతలు నడిమికి సాగుతాయి. మన లిపి గుండ్రన. అందుకే తలకట్లనూ ఏత్వాన్నీ నిటారుగా, పొడవుగా లోపలికి లాగండి. ‘ప్ర’లోని వత్తు అంచువైపు దిగుతుంది కాబట్టి అక్కడ రెండు వేళ్ల వెడల్పు వదలాలి. ఈ ఒక్క కొలత తప్పితే గిన్నె ఇరుకుగా కనిపిస్తుంది.

నలుపు కోసం పది వంతుల పొడి మట్టికి ఒక్కో వంతు మాంగనీస్ డయాక్సైడు, ఐరన్ ఆక్సైడు కలిపి నీళ్లతో నూరండి. ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఉత్త రంగుతో రాస్తే, పైన వేసే గ్లేజు (కాల్పులో గాజులా కరిగే పూత) కరిగేటప్పుడు గీత పాకుతుంది. నిషాపూర్ కుమ్మరులు రంగును మట్టిలో కలిపింది అందుకే. కుంచెతో రాశాక తడి ఆరగానే సన్నని సూదిమొనతో అక్షరాల అంచులు గీకి సరిచేయండి. ఎంత ఓపిక పడితే అంత పదును వస్తుంది.

వాళ్లు సీసపు గ్లేజు వాడేవారు. మనకు అది వద్దు. సీసం లేని పారదర్శక గ్లేజు కొనండి. గడ్డి, కొబ్బరి డొక్కలు వేసి కాల్చే ఆవంలో పొగ తగిలి తెలుపు మచ్చలు పడుతుంది. మొదటి కాల్పు, ఆ తర్వాత గ్లేజు పూసి కాల్చే రెండో కాల్పు, రెండూ ఎలక్ట్రిక్ కొలిమిలోనే చేయించండి. గ్లేజుకు ఎంత వేడి కావాలో దాని డబ్బా మీదే ఉంటుంది. కొలిమి పూర్తిగా చల్లారేదాకా తలుపు తీయవద్దు, వేడి మీద గాలి తగిలితే గ్లేజు చిట్లుతుంది.