ఇంటి నుంచి ఆఫీసు సర్వర్‌లోకి: రిమోట్ డెస్క్‌టాప్‌ను భద్రంగా అమర్చడం ఎలా?

పదిహేను మంది పనిచేసే ఆడిట్ ఆఫీసు. మూలగదిలో ఒక విండోస్ సర్వర్, అందులో టాలీ, పదేళ్ల క్లయింట్ల ఫైళ్లు. ఇంటి నుంచి పని చేసుకోవడానికి వీలుగా ఎవరో హార్డ్‌వేర్ కుర్రాడు వచ్చి రౌటర్‌లో 3389 అనే పోర్టు (నెట్‌వర్క్ ద్వారం) తెరిచి, అందరికీ ఒకే యూజర్‌నేమ్, ఒకే పాస్‌వర్డ్ ఇచ్చి వెళ్లాడు. పని నడుస్తోంది కాబట్టి మళ్లీ దాని జోలికి ఎవరూ పోలేదు. విజయవాడలోనూ హైదరాబాద్‌లోనూ నేను చూసిన చిన్న ఆఫీసుల్లో చాలా వాటి పరిస్థితి ఇదే. అలాంటి ఆఫీసులో రిమోట్ యాక్సెస్‌ను ఏ వరుసలో సరిచేయాలో రాస్తున్నాను. వరుస ఎందుకు ముఖ్యమో చదువుతుంటే తెలుస్తుంది.

రెండు జాగ్రత్తలు ముందే చెప్పాలి. ఈ పని ఆఫీసులో సర్వర్ ముందు కూర్చుని చేయండి. ఇంటి నుంచి రిమోట్‌లో ఉండి రిమోట్ సెట్టింగులే మార్చడమంటే కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే, ఒక్క టిక్ తప్పితే మీరే బయట ఉండిపోతారు. రెండోది, జీఎస్టీ రిటర్నుల గడువులైన 11, 20 తేదీల దగ్గర ఈ పని పెట్టుకోకండి. శనివారం మధ్యాహ్నం మంచిది.

ముందు వీధి గుమ్మం మూయండి

రిమోట్ డెస్క్‌టాప్ అంటే ఒక కంప్యూటర్ తెరను ఇంకో చోటి నుంచి తెరిచి పనిచేసుకునే విండోస్ సదుపాయం. 3389 అది వాడే పోర్టు. దాన్ని ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంచితే ప్రపంచంలో ఎవరైనా మీ లాగిన్ తెర దాకా రాగలరు. వస్తున్నారు కూడా. అనుమానముంటే సర్వర్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సెక్యూరిటీలో 4625 నంబరుతో వడకట్టి చూడండి. అవి విఫలమైన లాగిన్‌లు. ఒక ఆఫీసులో యజమానిని పక్కన కూర్చోబెట్టుకుని ఇది తెరిచాను. అడ్మిన్, స్కానర్, టాలీ, యూజర్1 అంటూ ఎప్పుడూ వినని పేర్లతో, ఎక్కడెక్కడి ఐపీల (ఇంటర్నెట్ చిరునామాల) నుంచో, అర్ధరాత్రి కూడా ఆగకుండా ప్రయత్నాలు కనిపించాయి. ఆయన కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఏ ఖర్చుకూ అడ్డు చెప్పలేదు.

రౌటర్ పేజీలోకి వెళ్లి పోర్ట్ ఫార్వర్డింగ్ అని గానీ వర్చువల్ సర్వర్ అని గానీ ఉన్న చోట 3389 వరుసను తీసేయండి. యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే ఆపేయండి, లోపలి ఏ ప్రోగ్రామైనా మీకు చెప్పకుండా పోర్టు తెరిపించుకోవడానికి అది దారి ఇస్తుంది. 3389 బదులు 33890 పెట్టుకుంటే చాలదా అని చాలామంది అడుగుతారు. చాలదు. వెతికేవాళ్ల ప్రోగ్రాములు అన్ని పోర్టులూ తడిమి చూస్తాయి, లోపల ఉన్నది రిమోట్ డెస్క్‌టాపేనని దాని జవాబును బట్టే పోల్చుకుంటాయి.

పాస్‌వర్డ్ బలంగా ఉంటే చాలుననే మాటకు 2019 మే నెలలో జవాబు దొరికింది. బ్లూకీప్ అనే లోపం అప్పుడు బయటపడింది. పాత విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌లో పాస్‌వర్డ్ అడగక ముందే లోపలికి చొరబడే వీలు అందులో ఉంది. అప్పటికే సపోర్టు ఆపేసిన విండోస్ ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ ప్యాచ్ (లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్) విడుదల చేసిందంటే ఎంత ప్రమాదమో ఊహించుకోండి. తలుపే వీధిలోకి లేకపోతే ఇలాంటి లోపం రేపు మరొకటి బయటపడినా ప్యాచ్ వేసుకోవడానికి మీకు కాస్త వ్యవధి ఉంటుంది.

మనిషికో తాళంచెవి: వీపీఎన్

గుమ్మం మూశాక లోపలికి రావడానికి వీపీఎన్ దారి, అంటే ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వచ్చే గుప్త మార్గం, వేయాలి. చిన్న ఆఫీసుకు నేను వైర్‌గార్డ్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గుతాను. ఉచితం, తేలిక, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయైన కెర్నల్‌లో, 2020లో వచ్చిన 5.6 నుంచి, భాగంగానే ఉంది. మామూలుగా వాడే 51820 యూడీపీ పోర్టును తెరవాలి కదా, అదీ గుమ్మమే కదా అనిపించవచ్చు. సరైన తాళంచెవి లేకుండా వచ్చిన ప్యాకెట్‌కు వైర్‌గార్డ్ అసలు బదులివ్వదు. తట్టినవాడికి అక్కడ తలుపున్న సంగతే తెలియదు.

మీ రౌటర్‌లో వైర్‌గార్డ్ సదుపాయం ఉంటే అక్కడే పెట్టండి. రౌటర్‌ఓఎస్ 7తో నడిచే మైక్రోటిక్ సహా చాలా కంపెనీల రౌటర్లలో ఉంది. ఆఫీసు ట్రాఫిక్ అంతా ఎలాగూ రౌటర్ గుండానే పోతుంది కాబట్టి దారులు విడిగా రాసే తలనొప్పి తప్పుతుంది. లేకపోతే ఒక పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి పెట్టుకోవచ్చు.

ముందుగా మీ బ్రాడ్‌బ్యాండ్‌కు స్టాటిక్ ఐపీ (మారని సొంత బయటి చిరునామా) ఉందో లేదో చూడండి. చాలా ఫైబర్ కనెక్షన్లలో ఎందరో వాడకందారులు ఒకే బయటి ఐపీ వెనక ఉంటారు. అలాంటప్పుడు బయటి నుంచి మీ రౌటర్‌ను చేరడం కుదరదు. రౌటర్ పేజీలో కనిపించే ఐపీ, బ్రౌజర్‌లో నా ఐపీ ఏమిటని వెతికితే వచ్చే ఐపీ వేరువేరుగా ఉంటే మీదీ అదే బాపతు. కంపెనీవాళ్లకు ఫోన్ చేసి స్టాటిక్ ఐపీ అడగండి.

ఇంకో చిక్కు మొదట్లో నన్ను చాలా తిప్పలు పెట్టింది. ఆఫీసు నెట్‌వర్క్ 192.168.1తో మొదలయ్యే ఐపీల వరుసలో ఉంటుంది, ఉద్యోగి ఇంటి వైఫై కూడా అదే వరుసలో ఉంటుంది. వీపీఎన్ కలిసినట్టే కనిపిస్తుంది, సర్వర్ మాత్రం తెరుచుకోదు. లాప్‌టాప్ ఆ చిరునామాను ఇంట్లోనే వెతుక్కుంటూ ఉంటుంది మరి. ఆఫీసు వరుసను 10.45.20 లాంటి అరుదైన దానికి మార్చండి. ప్రింటర్లకు, ఐపీతో పెట్టుకున్న షార్ట్‌కట్‌లకు చిరునామా మళ్లీ ఇవ్వాల్సి వస్తుంది. ఒక పూట శ్రమ, కానీ ఆ తర్వాత ఎవరి ఇంటి నుంచైనా పని జరుగుతుంది.

ఇక తాళంచెవులు. వైర్‌గార్డ్‌లో ప్రతి పరికరానికీ ప్రైవేట్ కీ, పబ్లిక్ కీ అని ఒక జత ఉంటుంది. ఉద్యోగి లాప్‌టాప్‌లో వైర్‌గార్డ్ యాప్ తెరిచి ఖాళీ టన్నెల్ చేర్చితే ఆ జత అక్కడికక్కడే తయారవుతుంది. ప్రైవేట్ కీ ఆ లాప్‌టాప్ దాటి బయటకు రాకూడదు. పబ్లిక్ కీ ఒక్కటే తీసుకుని రౌటర్‌లో పీర్‌గా (అనుమతి ఉన్న పరికరంగా) చేర్చి, దానికి 10.45.99.11 లాంటి సొంత చిరునామా ఇవ్వండి. అన్ని కీలూ తామే తయారు చేసి వాట్సాప్ గ్రూప్‌లో పంచిపెట్టేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. లాప్‌టాప్‌కు ఒకటి, అదే మనిషి ఫోనుకు ఇంకొకటి, విడివిడిగా ఉండాలి.

లాప్‌టాప్ వైపు అలౌడ్ ఐపీస్ అనే చోట సర్వర్ చిరునామా ఒక్కటే రాయండి, ఉదాహరణకు 10.45.20.5/32 (/32 అంటే ఆ ఒక్క చిరునామానే). అప్పుడు ఆఫీసు పని మాత్రమే వీపీఎన్‌లో పోతుంది, ఇంట్లో పిల్లలు చూసే వీడియోలు మీ ఆఫీసు లైను మీదికి రావు. అయితే అది లాప్‌టాప్ తనకు తాను పెట్టుకున్న హద్దే, ఉద్యోగి దాన్ని మార్చుకోగలడు. కాబట్టి రౌటర్ ఫైర్‌వాల్‌లో కూడా వీపీఎన్ నుంచి వచ్చేవాళ్లు సర్వర్‌లోని 3389కి తప్ప ఇంకెక్కడికీ వెళ్లకుండా నియమం రాయాలి. పర్సిస్టెంట్ కీప్‌అలైవ్ 25 సెకన్లు పెడితే ఇంటి రౌటర్ల వెనక నుంచి కూడా కనెక్షన్ తెగకుండా నిలుస్తుంది.

వైర్‌గార్డ్‌కు ఒక పరిమితి ఉంది. అది పరికరాన్ని గుర్తుపడుతుంది, దాని ముందు కూర్చున్న మనిషిని కాదు. బస్సులో లాప్‌టాప్ పోతే తాళంచెవీ పోయినట్టే. అందుకే లాప్‌టాప్‌లలో డిస్క్‌ను గుప్తంగా ఉంచే బిట్‌లాకర్ ఆన్ చేయాలి, సర్వర్ లాగిన్‌కు రెండో తనిఖీ పెట్టాలి. విండోస్ లాగిన్‌కు రెండో తనిఖీ జోడించే సాఫ్ట్‌వేర్లలో డుయో ఒకటి. పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌కు వచ్చిన అభ్యర్థనను ఒప్పుకుంటేనే లోపలికి పంపుతుంది. తాను లాగిన్ కాకుండానే అభ్యర్థన వస్తే ఎవరూ ఒప్పుకోకూడదని అందరికీ నోటితో చెప్పండి. విసుగెత్తి ఎప్పుడో ఒకప్పుడు ఓకే నొక్కుతారని వరసగా పంపించే దొంగలు ఉన్నారు.

సర్వర్ లోపల మార్చాల్సినవి

ఒక్కొక్కరికి ఒక్కో ఖాతా. ఎవరు ఏం చేశారో తెలియాలన్నా, ఒకరిని ఆపాలన్నా ఇది లేకుండా సాగదు. వాళ్లను రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గుంపులో మాత్రమే చేర్చండి, అడ్మినిస్ట్రేటర్స్‌లో వద్దు. స్టార్ట్ మెనూలో లోకల్ సెక్యూరిటీ పాలసీ అని వెతికి తెరిచి, యూజర్ రైట్స్ అసైన్‌మెంట్‌లో అలౌ లాగాన్ త్రూ రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ వరుస నుంచి అడ్మినిస్ట్రేటర్స్‌ను తీసేయండి. అడ్మిన్ పని ఉన్నప్పుడు ఆఫీసుకు వచ్చి సర్వర్ ముందు కూర్చుని చేసుకోవచ్చు.

అదే కిటికీలో అకౌంట్ లాకౌట్ పాలసీ ఉంటుంది. పది తప్పు ప్రయత్నాలకు పదిహేను నిమిషాల తాళం సరిపోతుంది. 3389 వీధిలోకి తెరిచి ఉండగా ఈ నియమం పెట్టి ఉంటే బయటి దొంగల ప్రయత్నాలకు మీ ఉద్యోగుల ఖాతాలే పొద్దస్తమానం లాక్ అవుతూ ఉండేవి. గుమ్మం ముందు మూయమన్నది ఇందుకే.

పాస్‌వర్డ్ కనీసం 14 అక్షరాలు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి రాసుకుంటే గుర్తుంటుంది, ఊహించడమూ కష్టం. సామెతలు, సినిమా పేర్లు, ఊరి పేరు పక్కన పుట్టిన సంవత్సరం వద్దు. నెలనెలా మార్చమని బలవంతపెట్టకండి, చివర అంకె ఒకటి పెంచుకుంటూ పోతారు తప్ప లాభం ఉండదు. బయటపడిందన్న అనుమానం వస్తే మాత్రం వెంటనే మార్చాలి.

రిమోట్ డెస్క్‌టాప్ సెట్టింగుల్లో నెట్‌వర్క్ లెవల్ అథెంటికేషన్ (తెర చూపించే ముందే పాస్‌వర్డ్ అడిగే ఏర్పాటు) టిక్ తప్పకుండా ఉండాలి. పాత కంప్యూటర్ నుంచి రావడం లేదని ఎవరో తీసేసి ఉంటారు, చూడండి. విండోస్ ఫైర్‌వాల్ ఇన్‌బౌండ్ రూల్స్‌లో రిమోట్ డెస్క్‌టాప్ నియమాలు తెరిచి, స్కోప్‌లో రిమోట్ ఐపీగా వీపీఎన్ వరుస 10.45.99.0/24, అంటే 10.45.99తో మొదలయ్యే చిరునామాలు, మాత్రమే ఇవ్వండి.

ఫైళ్లు బయటకు పోకూడదనుకుంటే గ్రూప్ పాలసీలో క్లిప్‌బోర్డ్ (కాపీ-పేస్ట్), డ్రైవ్ (ఇంటి కంప్యూటర్ డిస్క్‌ను సర్వర్‌కు కలపడం) రీడైరెక్షన్ రెండూ ఆపేయవచ్చు. ప్రింటర్ మాత్రం ఉంచండి. ఇంటి దగ్గర ప్రింట్ రాకపోతే ఉద్యోగులు ఫైళ్లను సొంత ఈమెయిల్‌కు పంపుకోవడం మొదలుపెడతారు, అది ఇంకా చేటు. అరగంట కదలిక లేకపోతే సెషన్ డిస్‌కనెక్ట్ అయ్యేలా పెట్టండి. డిస్‌కనెక్ట్ అయిన సెషన్‌ను పూర్తిగా ముగించడానికి మాత్రం రెండు, మూడు గంటల గడువివ్వండి. సగం కొట్టిన ఓచర్ పోతే మీ మీదే కోపగించుకుంటారు.

లైసెన్సు సంగతి కూడా చెప్పాలి. విండోస్ సర్వర్‌లో నిర్వహణ పనికి రెండు రిమోట్ సెషన్లు వస్తాయి, అంతకు మించి కావాలంటే రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్ లైసెన్సులు కొనాలి. విండోస్ ప్రో అయితే ఒకసారికి ఒక్కరే. పది మందినీ ఒకేసారి పంపేలా విండోస్‌ను మార్చే అనధికార ప్యాచ్‌లు దొరుకుతున్నాయని కొందరు వేయించుకుంటారు. విండోస్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ అవి పనిచేయడం మానేస్తాయి, దాంతో అప్‌డేట్లే ఆపేస్తారు. అక్కడి నుంచి సర్వర్ పాతబడుతూ, లోపాలతో నిండుతూ ఉంటుంది. లైసెన్సు ఖర్చు భరించలేకపోతే ఆఫీసులో ఎవరి కంప్యూటర్‌కు వాళ్లు వీపీఎన్‌లో చేరుకునేలా పెట్టండి. అప్పుడు పైన చెప్పిన చిరునామాలు, నియమాలు ఆయా కంప్యూటర్లకు వర్తించేలా మార్చుకోవాలి.

కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి యాప్‌లు ఎవరి కంప్యూటర్‌లోనైనా మిగిలిపోయి ఉంటే తీసేయండి. ఎనీడెస్క్ వేయించి ఖాతాలు ఖాళీ చేసే మోసాల గురించి రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది.

లాగ్‌లు

కంపెనీలు తమ సిస్టమ్ లాగ్‌లను (ఎప్పుడు ఏం జరిగిందో కంప్యూటర్ రాసుకునే నమోదులను) 180 రోజులు దేశంలోనే భద్రపరచాలని, సైబర్ ఘటన తెలిసిన 6 గంటల్లో తనకు తెలియజేయాలని ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలిచ్చింది. విండోస్ సెక్యూరిటీ లాగ్ పరిమాణం మొదట్లో 20 ఎంబీయే ఉంటుంది, నిండాక పాతవి చెరిగిపోతాయి. ఈవెంట్ వ్యూయర్‌లో ప్రాపర్టీస్ తెరిచి 1 జీబీకి పెంచండి, నెలకోసారి కాపీ తీసి వేరే డిస్క్‌లో పెట్టండి. సెర్ట్‌ఇన్ టోల్‌ఫ్రీ నంబరు 1800-11-4949, ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోతే సైబర్ హెల్ప్‌లైన్ 1930. రెండూ సర్వర్ పక్క గోడకు అంటించండి.

పరీక్షించి చూడండి

ఫోన్ హాట్‌స్పాట్‌తో లాప్‌టాప్ కలిపి, వీపీఎన్ లేకుండా ఆఫీసు బయటి ఐపీకి రిమోట్ డెస్క్‌టాప్ కొట్టండి. కలవకూడదు. వీపీఎన్ ఆన్ చేసి సర్వర్ చిరునామాకు కొట్టండి. కలవాలి, ఫోన్‌లో అనుమతి అడగాలి. అడ్మినిస్ట్రేటర్‌గా ప్రయత్నించండి, తిప్పికొట్టాలి. ఒక ఉద్యోగి ఖాతాతో పదిసార్లు తప్పు కొట్టి లాక్ అవుతుందో లేదో చూడండి.

వెళ్లిపోయినవాళ్ల తాళంచెవులు

ఎక్కువమంది మరిచిపోయేది ఇది. అమెరికాలో 2021 మే నెలలో కొలోనియల్ పైప్‌లైన్ కంపెనీ మీద దాడి జరిగి తూర్పు తీరానికి ఆ పైప్‌లైన్ ఇంధన సరఫరా రోజుల తరబడి ఆగిపోయింది. దొంగలు వచ్చింది వాడకంలో ఉండాల్సిన అవసరమే లేని ఒక పాత వీపీఎన్ ఖాతా గుండా. దానికి పాస్‌వర్డ్ ఉంది, రెండో తనిఖీ లేదు. కంపెనీ దొంగలకు 44 లక్షల డాలర్లు చెల్లించుకుంది. అంత పెద్ద కంపెనీకే ఆ ఒక్క ఖాతా సంగతి తట్టలేదు.

మీ ఆఫీసులో ఒక నోటు పుస్తకం పెట్టండి. పేరు, పరికరం, వీపీఎన్ చిరునామా, ఇచ్చిన తేదీ. మనిషి మానేసిన రోజు సాయంత్రమే రౌటర్‌లో అతని పీర్‌ను తీసేసి, సర్వర్‌లో ఖాతాను డిజేబుల్ చేసి, పుస్తకంలో గీత కొట్టి తేదీ వేయండి. ఆర్టికల్స్ (ఆఫీసు శిక్షణ) ముగించుకుని వెళ్లే సీఏ విద్యార్థులు, నెల రోజులకని వచ్చిన టాలీ కన్సల్టెంట్, ఇదంతా అమర్చిన నాలాంటివాడు, అందరికీ ఇదే పద్ధతి. మూడు నెలలకోసారి రౌటర్‌లో పీర్ల జాబితా తెరిస్తే ప్రతి పేరు పక్కన లాస్ట్ హ్యాండ్‌షేక్ అని చివరిసారి ఎప్పుడు కలిసిందో కనిపిస్తుంది. రెండు నెలలుగా కదలిక లేని వరుస కనబడితే ఆ మనిషికి ఫోన్ చేసి కనుక్కోండి, అవసరం లేదంటే అప్పుడే తీసేయండి.